మూగకొండ వెనకవైపు

మిగతావాళ్లంతా మధ్యాహ్నానికి ముందువైపు మట్టిరోడ్డు మీద లారీలో వస్తారు, పారలూ పలుగులూ రెల్లు చాపల చుట్టలూ వేసుకుని, స్థలాలు పంచే క్రిసాంతో పేర్లు పిలిచే వేళకి. సతుర్నీనా ఒక్కతే పొద్దున్నే ఆఖరి స్టాపులో బస్సు దిగి కొండ వెనకవైపు నుంచి ఎక్కుతోంది, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. రాత్రి కొడుకు రొనాల్ మొత్తుకున్నాడు కూడా, "అందరితో పాటు లారీలో పోవే అమ్మా, ఆ మంచులో ఎక్కడో తప్పిపోయి పిలుపుకి అందకపోతే స్థలం ఇంకోళ్లకి పోతుంది, తర్వాత ఏడ్చి లాభం లేదు" అని. నిజమే, క్రిసాంతో మాటంటే మాటే, ఎవరి స్థలంలో వాళ్లు నిలబడాలి, పేరు మూడుసార్లు పిలుస్తాడు, "ఉన్నాను" అన్నవాళ్లదే నేల, ఆ పూటే చాపలు నిలబెట్టి అక్కడే నిద్ర చెయ్యాలి, నోరు మెదపకపోతే వెనక వరసలో కాచుకున్నవాళ్లది. అంతా తెలిసీ ఇటునుంచి ఎందుకూ అంటే, ఏళ్ల తరబడి బస్టాండులో కషాయం బండి వెనక నిలబడి, బార్లీ నీళ్ల ఆవిరిలోంచి ఈ కొండ మొహమే చూస్తూ వచ్చింది, వీపు ఎట్లా ఉంటుందో ఒక్కనాడు చూడలేదు, ముందూ వెనకా చూసుకోకుండా కాపురానికి పోతారా ఎవరైనా, పోతారు, తనే పోయింది ఒకసారి, ఆ ఒక్కసారి చాలు.

లీమా పట్నం చుట్టూ కొండలకి కొదవ లేదు. ఎదుటి కొండకి నెత్తిమీద సిలువ, మే నెలలో దానికి పూలగుడ్డ చుట్టి బాజాలతో ఊరేగింపు, ఆదివారాలు బూట్లు తగిలించుకుని ఊళ్లోంచి వచ్చే కుర్రకారు; పక్కదానికి ఫోను స్తంభం. దీనికేమీ లేదు, బస్సు బోర్డు మీద పేరు కూడా లేదు, కండక్టరు "ఆఖరు, ఆఖరు" అని అరిచి దింపేస్తాడు, ఎవరో మూగకొండ అన్నారు, అదే నిలిచిపోయింది. పాత టైర్లు పాతిన మెట్లు, మెట్ల పక్కన నీళ్ల లారీ కోసం నోళ్లు తెరుచుకున్న నీలం పీపాలు, రేకుల మీదెక్కి మొరిగే కుక్కలు, అన్నీ దాటాక ఆఖరి ఇంటి దగ్గర ఒకామె బట్టలు ఉతికిన నీళ్లు పారబోస్తూ ఆపింది. "ఎక్కడికి పెద్దమ్మా, అటు ఇళ్లు లేవు." "చూద్దామని." "ఏముందని చూడ్డానికి?" "అదే చూద్దామని" అంది సతుర్నీనా, ఆమె మొహం చూసి నవ్వొచ్చింది, పుట్టినప్పటి నుంచీ ఇదే జవాబు తనది, నీ ముక్కు ముందు పుట్టి నువ్వు తర్వాత పుట్టావే అనేది అమ్మ, పైన అయకుచో కొండల్లో, పుట్ట కనిపిస్తే పుల్ల పెట్టే పిల్లని చూసి. పద్నాలుగేళ్లకి పట్నంలో పనికి కుదిరిన ఇంట్లో కూడా అంతే, లోపల ఎవరు మాట్లాడుతున్నారో చూద్దామని దొరసాని రేడియో విప్పింది, లోపల ఎవరూ లేరు, దుమ్మూ రాగితీగలూ, విప్పిందానికి తిట్లు తిన్నందుకు కాదు, ఎవరూ లేకుండా మాట ఎట్లా వస్తోందో ఎవరూ చెప్పనందుకు ఏడ్చింది ఆ రాత్రి.

ఇక మెట్లు లేవు, దారీ లేదు, రాళ్ల మధ్య మేకలు నడిచిన జాడలాంటిది ఉంది, ఎటైనా పైకే కదా. ఇక్కడి చలికాలం ఆకాశాన్ని గాడిద పొట్ట అంటారు, ఎండ లేదు వాన లేదు, నెలల తరబడి బూడిదరంగు పొట్ట ఒకటి నెత్తిమీద వేలాడుతుంది. ఇప్పుడు ఆ పొట్ట లోపలికే నడిచి వెళుతోంది తను, వెనక ఊరు పోయింది, కింద పీపాలు పోయాయి, కుక్కల మొరుగు మిగిలింది, అదీ పోయింది. శాలువా అంచుల మీద, కనురెప్పల మీద సన్నగా తడి, వాన అనడానికి లేదు, గరువా అంటారు, గొడుగు వేస్తే నవ్వుతారు, వెయ్యకపోతే తడుస్తారు. మోకాలు పట్టేసింది, ఆగింది, ఆగాక వాసన తగిలింది. మట్టి వాసన. తడిసిన మట్టి వాసన, చిన్నప్పటిది, తొలివానకి దుక్కిలోంచి లేచేది, ఇక్కడెందుకుంది ఇది, వాన ఎరగని ఊళ్లో, సిమెంటూ డీజిలూ కోళ్లఫారాలూ తప్ప వేరే వాసన లేని ఊళ్లో? వంగి గుప్పెడు మట్టి తీసి చూసింది, నల్లగా ఉంది, వేళ్లకి అంటుకుంది, లోపల దారాల్లాంటి తెల్లటి వేళ్లు. ఇది ఆ కొండేనా? దారి తప్పిందా? ఫిబ్రవరిలో తను చూసిన కొండ కాల్చిన కుండపెంకులా ఉండింది.

ఫిబ్రవరిలో కదా స్థలాలు పంచుకున్నది, క్రిసాంతో సున్నం బస్తా భుజాన వేసుకుని గీతలు పోసుకుంటూ పోయాడు, అందరూ వెనకే, అందరూ కొండ ఊళ్ల నుంచి దిగినవాళ్లే, అయకుచో, అపురిమాక్, హువంకవెలికా, నేల సంగతి తెలిసినవాళ్లమని గర్వం ఉన్నవాళ్లే. ఫిబ్రవరి అంటే పైన మన కొండ ఊళ్లలో వానల నెల, రాయి కూడా మొలకెత్తే నెల, ఆ నెల్లో ఒక్క పోచ లేని నేల ఎందుకు పనికొస్తుంది, చచ్చిన నేల, చచ్చినదాని మీద ఇల్లు కట్టుకుంటే ఎవరికి పాపం, అని ముసలివాళ్లు తీర్పు చెప్పేశారు, ఆమె కూడా తల ఊపింది. ఇక్కడి కొండకి అక్కడి పంచాంగం చూశారు. ఎవరికీ తట్టలేదు, ఇక్కడ వాన రాదనీ, వచ్చేది మంచనీ, అది వచ్చేది జులైలో అనీ. ఆ నెలల్లో బస్టాండు నుంచి చూస్తే కొండే కనపడదు, మంచే. చదును చేసినరోజు పార దిగినచోటల్లా ఉల్లిగడ్డల్లాంటివి బయటపడ్డాయి, ఎక్కడివి ఇవి అని ఆమె ఒక్కతే అడిగింది, రాళ్లతో పాటు పల్లానికి విసిరేశారు, ఆమే విసిరింది, ఒకటి మాత్రం జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి కత్తితో కోసి చూసింది, పొర మీద పొర, తెల్లగా, జిగురుగా, వాసన లేదు. "వాసన లేని ఉల్లి ఏం ఉల్లి అత్తయ్యా, పారెయ్యండి, పిల్ల నోట్లో పెట్టుకుంటుంది" అంది కోడలు నెయ్లా, తనే తీసి పారేసింది.

నెయ్లా చెడ్డది కాదు. అదే కష్టం, చెడ్డదైతే తేలికయ్యేది. ఒకటే గది, మధ్యలో పిల్లిబొమ్మల పరదా, అటు వాళ్లు ముగ్గురు, ఇటు తను, వాళ్లు గుసగుసగా మాట్లాడేది తన కోసం, తను దగ్గు మింగేది వాళ్ల కోసం, ఆ గదిలో అందరూ ఊపిరి బిగపట్టుకునే బతుకుతున్నారు. ఎన్ని ఇళ్లు మారింది, తలుపు ఒక్కటీ తనది కాదు. నాన్న ఇంటికి ఆవుతోలు వేలాడేది, గాలికి ఎగిరేది. దొరసాని ఇంట్లో పనివాళ్ల గదికి మంచి తలుపు ఉండేది, తాళంచెవి దొరసాని గుత్తిలో ఉండేది. ఎలిసేయో, తన మొగుడు, వడ్రంగం చేసి పట్నంలో సగం ఇళ్లకి తలుపులు బిగించాడు, సొంత ఇంటికి గోనెపట్టా కట్టాడు, వచ్చే నెల వచ్చే నెల అంటూనే పోయాడు. అందుకే గదా, స్థలం ఇంకా చేతికి రాకముందే పాతసామాన్ల సంతలో తలుపు కొనేసింది, చట్రంతో సహా, ఆకుపచ్చ రంగుది; ఇల్లు లేని తలుపు, బండి పక్కన గోడకి ఆనించి ఉంటే బస్సు డ్రైవర్లు పోతూ పోతూ తట్టి "అవ్వా, లోపల ఉన్నావా" అని ఏడిపిస్తారు. తలుపూ చాపలూ లారీలో వస్తున్నాయి, లోపల ఉంటుంది ఈ రాత్రికి. లోపలినుంచి గడియ పెట్టుకుని గట్టిగా, ఇష్టం వచ్చినంతసేపు దగ్గుతుంది. ఆ మాట తలుచుకుంటేనే గుండె కొట్టుకుంటోంది, ఎత్తు ఎక్కినందుక్కాదు.

మంచులో గంట మోగింది, చిన్న గంట, మరోటి, ఏదో తుమ్మింది. "ఎవరది?" అంది ఒక గొంతు. "నేనే" అంది సతుర్నీనా, నేనే అంటే ఎవరికి తెలుస్తుంది పిచ్చిదానా అని నవ్వుకునేలోపు "ఆ, నువ్వా, సరే" అని వచ్చింది జవాబు, మంచులోంచి ముందు మేకలు వచ్చాయి, తర్వాత ప్లాస్టిక్ పట్టా కప్పుకున్న ఆడమనిషి వచ్చింది, హువరొచిరి వైపు మనిషి, ఆ టోపీ కట్టే చెబుతోంది. అప్పుడు చూసింది సతుర్నీనా, మేకలు తింటున్నాయి, ఏం తింటున్నాయి, గడ్డి, కాళ్ల కింద గడ్డి, ఎంతసేపటి నుంచి గడ్డిమీద నడుస్తోంది తను! మోకాలెత్తు, పచ్చగా, మధ్యలో నీలం చుక్కల్లా చిన్న చిన్న పూలు, రాళ్లకి కూడా పచ్చటి నాచు, అడవి బంగాళదుంప మొక్క ఒకటి, అదే ఆకు, అదే పువ్వు, చెయ్యి దానంతటదే పోయి ముట్టుకుంది.

"ఏటా వస్తావా అక్కా?" "మేకలొస్తాయి, వాటి వెనక నేనొస్తా. అంతకుముందు మా అమ్మ వచ్చేది." "ఫిబ్రవరిలో ఒక్క పోచ లేదిక్కడ, ఒట్టు, నా కళ్లతో చూశాను." "ఫిబ్రవరిలో ఎవరు రమ్మన్నారు నిన్ను?" "మరి ఇదంతా ఎక్కడుంటుంది అప్పుడు? నీళ్లు లేకుండా లోపల ఎట్లా బతుకుతుంది?" మేకలామె ఆమెని ఎగాదిగా చూసింది, "నన్నడిగితే? మేకలు ముడతాయా ముట్టవా, అంతవరకే నాకు తెలుసు. అవతల, ఆ పలకరాళ్లు దాటాక, పసుప్పచ్చవి ఉంటాయి చూడు, అమంకాయ్, వాటిని ముట్టవు. నాకెందుకు వాటి గొడవ." "ఎన్నాళ్లుంటాయి?" "ఉన్నన్నాళ్లు ఉంటాయి, తర్వాత లోపలికి పోతాయి. ఎన్ని అడుగుతావమ్మా నువ్వు!" అని ఒక మేకని అదిలించి, పోతూ పోతూ, తిట్టినట్టు కాకుండా మామూలుగా అడిగింది, "ఇక్కడ ఇళ్లొస్తాయంటున్నారు. ఆ కట్టేవాళ్లలో నువ్వూ ఉన్నావా?" ప్రపంచంలో అన్ని సంగతులూ అడగడమే గానీ ఒకరు తనని అడగడం అలవాటు లేదు సతుర్నీనాకి. "ఒకటే గది" అంది, "చిన్నది." "ఊఁ. అందరిదీ చిన్నదే" అని మేకలామె మంచులో కలిసిపోయింది, గంటలు కాసేపు వినిపించాయి.

అందరిదీ చిన్నదే. కొండంచు ఎప్పుడు దాటిందో తెలియలేదు, కాళ్లకి దిగుడు తెలిసింది, ఇక వెతుక్కోవాలి, లారీ వచ్చేలోపు తన స్థలం తను కనిపెట్టాలి, సున్నపు గీత పట్టుకుని పోవచ్చులే అనుకుంది గానీ గీతలు ఎక్కడివి, గడ్డి మింగేసింది, దూరపు కొండలు నునుపు అంటారు, దగ్గరికి వస్తే ఇదీ, మొహం మీద మొహం పెట్టినా గుర్తుపట్టలేనంత మారిపోయి కూర్చుంది. ఒక రాయి ఉండాలి, మూతి కట్టిన దుంపల బస్తాలాంటిది, దాని కుడిపక్కదే తన జాగా, అది కాదు, ఇది కాదు, భయం వేసింది ఇప్పుడు నిజంగా, రొనాల్ చెప్పినట్టే అయ్యేలా ఉంది, చేతులు చాచి గుడ్డిదానిలా రాళ్లని తడుముకుంటూ పోతోంటే అరచేతికి బస్తా మూతి తగిలింది, తల తిప్పింది. తిప్పి అట్లాగే ఉండిపోయింది.

పసుప్పచ్చ. పసుప్పచ్చ అని పేరే గానీ అసలు దాన్ని ఏమనాలో, మంచులో దీపం వెలిగించినట్టు ఒక్కోటి, గిన్నెలాంటి పువ్వు, లోపల సన్నగా ఆకుపచ్చ చారలు, అంచుల్లో నీటిబొట్లు, ఒకటా రెండా, ఆ రాయి నుంచి అటు కనిపించినంత మేర అవే, మంచు ఇంకొంచెం జరిగితే ఇంకొన్ని. సరిగ్గా పార దిగినచోట మాత్రం లేవు. తను తవ్విన ముక్క మంచమంత వెడల్పున బోడిగా, బురదగా, గోడ కట్టినట్టు గీత తెలుస్తోంది, అటు పూలు, ఇటు ఏమీ లేదు. ఇంకా ముందుకు వంగి పల్లంలోకి చూసింది, విసిరేసిన రాళ్లకుప్పలోంచి కూడా, తలకిందులుగా పడ్డవి పక్కనుంచి మెడ తిప్పుకుని, ఒంకరగా, పూశాయి. ఆ వాసన లేని ఉల్లి ఇదా! సిగ్గేసింది ముందు, కత్తితో కోసి పొరలు లెక్కపెట్టి ఏమీ లేదని తేల్చినదాన్ని నేనే కదా అని. సిగ్గు వెనకే పట్టరాని సంతోషం, రేడియోలో మాట్లాడేవాళ్లు ఇన్నాళ్లకి బయటికి వచ్చి కనిపించినట్టు. కూర్చుంది. ఎంత లోతులో ఉంటాయి, మంచు వచ్చిందని లోపల వాటికి ఎవరు చెప్తారు, అన్నీ ఒకేసారి వస్తాయా, ఒకటి వచ్చి చూసి మిగతావాటిని పిలుస్తుందా, పోయేటప్పుడు ఎట్లా పోతాయి, ముందు పువ్వా ముందు ఆకా, విత్తనం వేస్తాయా, ఇవన్నీ తెలియాలంటే ఇక్కడే ఉండాలి, రోజూ పొద్దున తలుపు తీసి చూడాలి. ఇక్కడే ఉండాలంటే చదును చెయ్యాలి. చదును చేస్తే చూడ్డానికి ఏం మిగులుతుంది.

పోనీ నోరు మూసుకుని కూర్చుంటే? పిలుస్తాడు, పలకదు, వెనక వరసలో వాళ్లు పలుకుతారు, వాళ్లకీ చేతిలో పార ఉంటుంది, సాయంత్రానికి ఇవేవీ ఉండవు, తన త్యాగం ఎవడిక్కావాలి. తను మాత్రం దిగిపోయి పరదా పక్కకి తీసి లోపలికి వెళ్లాలి, నెయ్లా "పోనీలెండి అత్తయ్యా, మాతోనే ఉండండి" అంటుంది, మంచిపిల్ల, అనే ముందు ఒక్క క్షణం మొహం వాడిపోతుంది, ఆ ఒక్క క్షణం తను చూస్తుంది, ఇంత ముక్కూ ఇంత కళ్లూ ఉన్నదానికి చూడకుండా ఉండటం చేతకాదు. ఏడుపు వచ్చింది. ఎటు చూసినా పారే.

కింద లారీ మూలిగింది, తలుపులు, నవ్వులు, పిల్లల కేకలు, సామాను దించే చప్పుడు, మనుషులు కనబడరు, గొంతులే కొండెక్కి వస్తున్నాయి. "గీత ఏదిరా?" "నా బొంద, గీత! నీ మోకాళ్ల దాకా గడ్డి ఉంది చూసుకో." "ఒరే, ఇది మన కొండేనా, ఇంకోళ్లది ఎక్కేశామా?" కాసేపటికి అందరూ ఎక్కడో అక్కడ నిలబడ్డారు కాబోలు, క్రిసాంతో గొంతు లేచింది, సంతలో వేలం పాడినట్టు. "ఫౌస్తీనో రీమాక్!" "ఉన్నాను!" "విక్టోరియా సెవాయోస్!" "ఇక్కడే, ఉన్నాను!" "అల్బినో కర్వాస్!" జవాబు లేదు. "అల్బినో కర్వాస్!" ఎక్కడ చిక్కుకున్నాడో పాపం, ఏ బస్సు దొరకలేదో. మూడోసారి పిలిచాడు, ఆగాడు, ఇంకెవరిదో పేరు పిలిచాడు, "ఉన్నాను, ఉన్నాను అన్నా, ఉన్నాను!" అని ఒక పడుచు గొంతు అరిచింది, చంకలో బిడ్డ కాబోలు ఉలిక్కిపడి ఏడ్చింది, అంతే, అల్బినో కర్వాస్ సంగతి అయిపోయింది.

"సతుర్నీనా సుల్కా!" ఎవరినో పిలుస్తున్నట్టుంది. ఎదురుగా ఒక పువ్వు అంచునుంచి నీటిబొట్టు జారడానికి చూస్తోంది, జారలేదు. "సతుర్నీనా సుల్కా!" ఆమె రాలేదేమో అన్నారెవరో, లారీలో లేదు, నేను చూశా, ఆమె రాలేదు. "సతుర్నీనా సుల్కా!" ఆ పేరు మీద బతికినన్నాళ్లలో తనంతట తాను పలకాలనిపించిన పిలుపు ఇదొక్కటే, మనసు ఏమీ తేల్చుకోలేదు, నోరే తెరుచుకుంది. "ఉన్నాను!" అంది, పొద్దున్నే బస్సుల మోత మీదుగా కషాయం అమ్మే గొంతుతో, కొండ మొత్తం వినిపించేలా.

"అబ్బ, ప్రాణం పోయిందనుకో పెద్దమ్మా, ఇక్కడుండి పలకవేం?" క్రిసాంతో మంచులోంచి వచ్చాడు, సున్నం బస్తా, వెనక పారలతో ఇద్దరు. "ఆలోచిస్తున్నా." "ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ ఆలోచించి చూడు అనలేదు ఎవరూ. సరే, కొలుద్దాం" అని అడుగులు వేసి కొలవడానికి పూలలోకి కాలు ఎత్తాడు. "ఆగు నాయనా" అంది, ఏం చెప్పబోతోందో ఆమెకీ తెలియదు, "అక్కడ విత్తాను."

కాలు గాల్లోనే ఆగిపోయింది. ఆ ఇద్దరూ పారలు దించేశారు. విత్తిన నేలమీద కాలు పెట్టరు, పైనుంచి దిగినవాళ్లు ఎవరూ పెట్టరు, సొంతదైనా పగవాడిదైనా, కోత అయ్యేదాకా అది ఎవరూ ముట్టకూడని జాగా. సతుర్నీనా వాళ్ల నాన్న ఒకసారి, తాగి పడిపోయిన పగవాణ్ణి భుజాన వేసుకుని ఇంటికి చేరవేశాడు, ఆ పగవాడి దుంపచేను అడ్డంగా దాటితే రెండు అంగలు, చీకట్లో చుట్టూ తిరిగే వెళ్లాడు, ఎవరూ చూడటం లేదని తెలిసీ. క్రిసాంతో అపురిమాక్ వాడు. వాడికీ ఒక నాన్న ఉండే ఉంటాడు. కాలు మెల్లగా వెనక్కి తీసి తన పాత అడుగులోనే పెట్టాడు.

"ఏం విత్తావు?" "గడ్డలు." "ఎప్పుడు?" "ఫిబ్రవరిలో, నువ్వు చూస్తూనే ఉన్నావుగా, అటు విసిరాను, ఇటు విసిరాను." క్రిసాంతో పూలని చూశాడు, ఆమెని చూశాడు, అబద్ధమని అతనికి తెలుసు, తెలుసని ఆమెకీ తెలుసు, కానీ విత్తానని ఒకరు నోటితో అన్నాక కాలు ఎట్లా పెడతారు. "ఎంత మేర?" "ఈ రాయి నుంచి అదిగో ఆ రాయి దాకా." "స్థలమంతా అదే గదమ్మా! ఇల్లెక్కడ కడతావు మరి, నా నెత్తిమీదా?" "తవ్విన ముక్క చాలు. నేను పడుకుంటే కాళ్లు పడతాయి." పారల ఇద్దరిలో ఒకడు కిసుక్కుమన్నాడు, గుమ్మానికి మాత్రం ఇంకొంచెం నేల కావాలి పెద్దమ్మా, లేకపోతే తలుపు తెరుచుకోదు అన్నాడు. అది నిజం. పార తనే అడిగి తీసుకుంది, అంచున ఉన్నవాటిని ఇంకొకరి చేత కొట్టించడం ఇష్టం లేక, నాలుగు వేట్లు తనే వేసింది, గడ్డలు తెగి తెల్లగా బయటపడ్డాయి, ఆపలేదు. చుట్టుపక్కల మంచులో ఫౌస్తీనో పలుగూ, విక్టోరియా పలుగూ, ఆ పడుచుపిల్లదీ మొదలయ్యాయి, అక్కడ ఏం తెగుతున్నాయో చూడకుండానే తెలుస్తోంది, వాటికి ఆమె చెయ్యగలిగింది ఏమీ లేదు.

క్రిసాంతో సున్నం గుప్పెడు గుప్పెడు తీసి పూల చుట్టూ వంకరగా గీత పోసుకుంటూ వచ్చాడు, తిట్టుకుంటూనే, ఒక్క ఆకు మీద పడకుండా. "విత్తింది విత్తిందే, నేను కాదనను" అన్నాడు బస్తా దులుపుకుంటూ, "కానీ రూలు రూలే, కోత అయ్యాక అందరిలాగే చదును చెయ్యాలి. ఇంతకీ కోత ఎప్పుడంటావు?"

"ఎవరికి తెలుసు నాయనా, ఇంతవరకు ఎవరూ కొయ్యలేదుగా" అంది సతుర్నీనా, "ఇక్కడే ఉంటాను, చూసి చెప్తా."